వేదకాలపు యజ్ఞపాత్రల సెట్టు: పెట్టెలో పనికొచ్చేవి ఏవి, దండగ ఏవి

ఆన్‌లైన్‌లోనూ పెద్ద ఊళ్ల పూజాద్రవ్యాల కొట్లలోనూ "వేదకాలపు సంపూర్ణ యజ్ఞపాత్రల సెట్టు" అని ఒక పెట్టె అమ్ముతున్నారు. అమ్మేవాళ్లు చాలామందే ఉన్నారు. ఈ సమీక్ష మధ్యరకం రేటులో దొరికే ఒక పెట్టె గురించి. అమ్మకందారు పేరు చెప్పడం లేదు, ఎందుకంటే ఈ పెట్టెలో ఉన్న లోపాలు ఈ సరుకు మొత్తానికీ ఉన్నవే.

ముందే తేల్చి చెప్పాలంటే, పెట్టెగా కొనకండి. స్రువం (నెయ్యి తీసే చిన్న గరిటె) కలప వరకూ, స్ఫ్యం (చెక్క కత్తి), చిన్న రోలు రోకలి బాగున్నాయి, విడిగా దొరికితే తీసుకోవచ్చు. జుహువు, ఉపభృత్తు, ధ్రువ అనే మూడు పెద్ద హోమగరిటెలు అద్దాల బీరువాలో పెట్టుకోవడానికి బాగుంటాయి, నిప్పు దగ్గరికి తీసుకెళ్తే పాడవుతాయి. అరణి (రాపిడితో నిప్పు పుట్టించే చెక్క) పేరుకే అరణి. రాగి గుండానికీ వేదకాలానికీ చుట్టరికం లేదు. నెయ్యి ప్యాకెట్టు పక్కన పెట్టేయండి.

పెట్టె తెరిస్తే చెక్క సామాను మొత్తం ఒక గడిలో ఉంటుంది: స్రువం, మూడు స్రుక్కులు (పైన చెప్పిన జుహువు, ఉపభృత్తు, ధ్రువ), అగ్నిహోత్రహవణి (అగ్నిహోత్రంలో ఆహుతి వేసే గరిటె), స్ఫ్యం, నీళ్లు పట్టే ప్రణీతా ప్రోక్షణీ పాత్రలు, రోలు రోకలి, అరణుల జత, నిప్పు చిలికే సామాను. రెండో గడిలో స్టాండుతో రాగి గుండం. మూడో గడిలో సమిధలు, దర్భలు, నెయ్యి, నవధాన్యాలు, కర్పూరం, ఎండుకొబ్బరి, ఒక కరపత్రం.

అట్ట మీద పెద్ద అక్షరాలతో "దశ యజ్ఞాయుధాలు" అని అచ్చు వేశారు. ఆ పది ఏవో తైత్తిరీయ సంహిత (కృష్ణ యజుర్వేద గ్రంథం) పేరుపేరునా చెప్పింది: స్ఫ్యం, కపాలాలు, అగ్నిహోత్రహవణి, శూర్పం అంటే చేట, కృష్ణాజినం అంటే కృష్ణజింక చర్మం, శమ్య అంటే చెక్క మేకు, రోలు, రోకలి, దృషత్తు, ఉపల. చివరి రెండూ మన సన్నెకల్లూ పొత్రమూ. ఈ పదింటిలో పెట్టెలో ఉన్నవి నాలుగే. అట్ట మీద బొమ్మ వేసిన జుహువూ స్రువమూ అసలు ఆ జాబితాలోవే కావు. అన్నిటికంటే పెద్ద లోటు కపాలాలు. దర్శపూర్ణమాసాల్లో (అమావాస్యకీ పౌర్ణమికీ చేసే యాగాల్లో) పురోడాశం, అంటే హోమపు రొట్టె, కాల్చేది ఈ మట్టి పెంకుల మీదే. పౌర్ణమి ఇష్టిలో (యాగంలో) అగ్నికి 8 పెంకులు, అగ్నీషోములకి 11. కుమ్మరి దగ్గరికి వెళ్తే తక్కువ ఖర్చుతో అయ్యే పని ఇది. అదే లేకుండా "సంపూర్ణ" అనడం చెల్లదు.

కృష్ణాజినం పెట్టకపోవడం మాత్రం ఈ అమ్మకందారు చేసిన మంచి పని. కృష్ణజింక 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు. (ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కూడా అదే.) దాని చర్మం అమ్మినా కొన్నా కేసే. కొన్ని చోట్ల "ఒరిజినల్ మృగచర్మం" అని విడిగా అమ్మజూపుతారు. అది మేకతోలుకి రంగు వేసింది అయితే మోసం, నిజమైనదే అయితే నేరం. రెండు రకాలా వద్దు.

ఇక కలప. "శాస్త్రోక్తమైన చెట్లతో చేసినవి" అని రాశారు. శాస్త్రంలో ఉన్నది స్పష్టంగా ఉంది: జుహువుకి మోదుగ, ఉపభృత్తుకి రావి, ధ్రువకి వికంకతం, స్రువానికి చండ్ర. స్ఫ్యం కూడా చండ్రే. అగ్నిహోత్రహవణి వికంకతంతో చేస్తారు. వికంకతాన్ని మనవైపు కానరేగు అంటారు. హోమద్రవ్యం వేయని పాత్రలకి వరణ కలప, అంటే ఉలిమిరి. ఒక్కో పాత్రకి ఒక్కో చెట్టు కాబట్టి సెట్టు నిజమైనదైతే పాత్రలన్నీ వేర్వేరు రంగుల్లో, వేర్వేరు బరువుల్లో ఉండాలి. ఈ పెట్టెలో మూడు స్రుక్కులూ, అగ్నిహోత్రహవణీ, ప్రణీతలూ అన్నీ ఒకే గోధుమరంగు, ఒకే నార, ఒకే బరువు. మామిడి చెక్కకి రంగు పట్టించి ఇచ్చారు. కాడ చివర గీరితే లోపల పాలిపోయిన పసుపు బయటపడుతుంది.

మామిడి ఎందుకు వాడతారంటే, మోదుగతో పని కష్టం. మాను వంకరటింకరగా పెరుగుతుంది, జానెడు వెడల్పు తిన్నని పలక దొరకడమే అరుదు. కలప తేలిక, మెతక, పురుగు తొందరగా పడుతుంది, ఎండేటప్పుడు పగుళ్లిస్తుంది. పది జుహువులు చెక్కితే నాలుగైదు పక్కన పడేయాల్సి వస్తుంది. ఆ నష్టం రేటులో కలిపితే పెట్టె ఎవరూ కొనరు. ఇది అర్థమయ్యే కారణమే. కానీ అప్పుడు "మామిడి చెక్కతో చేసిన నమూనా" అని రాయాలి.

స్రువమూ స్ఫ్యమూ మాత్రం నిజంగా చండ్రవే. పోల్చుకోవడం తేలిక. చండ్ర చేవ ముదురు ఎరుపు గోధుమరంగులో, చేతికి బరువుగా ఉంటుంది. నీళ్లలో వేస్తే మామిడిలా పైకి తేలి ఆడదు, చాలావరకు మునిగే ఉంటుంది. కాడ చివర చిటికెడు గీరి ఆ పొడిని వేడినీళ్లలో వేస్తే నీళ్లు ఎర్రబడతాయి. కిళ్లీలో వేసే కాచు తీసేది ఈ చెట్టు చేవనుంచే మరి. రంగు వేసిన చెక్క అయితే పొడి కాకుండా పైపూత దిగుతుంది, నీళ్ల మీద జిడ్డు తెట్టెలా కనిపిస్తుంది.

కొలతల దగ్గర పెట్టె చాలా తప్పింది. స్రుక్కు బాహుమాత్రం (చేయంత పొడవు) ఉండాలి, గుంట అరచేయంత, ముక్కు హంసముఖంలా. స్రువం అరత్ని (మూర) పొడవు, గుంట బొటనవేలి కణుపంత. అరత్ని 24 అంగుళాలు (వేలి వెడల్పులు), ప్రాదేశం (జానెడు) 12. శుల్బసూత్రాల (యజ్ఞవేదికల కొలతలు చెప్పే గ్రంథాల) లెక్కలో చేతులు పైకెత్తి నిలబడ్డ మనిషి ఎత్తు 120 అంగుళాలు. ఏడడుగులు అందుకునే మనిషికి ఆ అంగుళం దాదాపు 1.8 సెంటీమీటర్లు, అరత్ని 43 సెంటీమీటర్లు వస్తాయి. వడ్రంగికి "24 అంగుళాలు" అని చెప్తే ఇంచీల టేపు తీసి రెండడుగులు కోసేస్తాడు. సెంటీమీటర్లలో రాసివ్వండి. ఈ పెట్టెలో స్రుక్కులు 30 సెంటీమీటర్లే. మంట దగ్గర వేళ్లు కాలే పొడవు అది.

గుంటల సంగతి ఇంకా ఘోరం. దర్శపూర్ణమాసాల్లో స్రువంతో జుహువులోకి నాలుగు సార్లు, ఉపభృత్తులోకి ఎనిమిది సార్లు, ధ్రువలోకి నాలుగు సార్లు ఆజ్యం (నెయ్యి) తీసుకుంటారు. ఎనిమిది సార్లు తీసినా ఉపభృత్తులో తక్కువ, జుహువులో అంతకంటే ఎక్కువ, ధ్రువలో అన్నిటికంటే ఎక్కువ ఉండేలా తీయాలి. అంటే స్రువం గుంటకీ స్రుక్కు గుంటకీ ఒక నిష్పత్తి ఉంది. పెట్టెలో స్రువం గుంట వడ్డన గరిటెంత ఉంది. నీళ్లతో చూస్తే మూడో స్రువానికే జుహువు నిండి ముక్కులోంచి కారిపోతోంది. జమదగ్ని గోత్రం వాళ్లు పంచావత్తులు, ఐదు సార్లు తీయాలి. వాళ్లకి ఈ జుహువు బొత్తిగా పనికిరాదు. ఎవరు చెక్కినా పాత్రలు కలిపి పరీక్షించి చూడలేదని ఈ ఒక్క విషయమే చెప్తోంది.

గుంట ఎటువైపు తవ్వారన్నది కూడా చూడాలి. సూత్రకారులు గుంట బెరడు వైపు ఉండాలన్నారు. కాడ చివర అడ్డంగా కోసిన చోట నార గీతలు విల్లులా కనిపిస్తాయి. ఆ విల్లు గుంటవైపు ఉబ్బి ఉంటే సరిగా తవ్వినట్టు. దీని వెనక వడ్రంగి తెలివి ఉంది. పలక ఎండేకొద్దీ బెరడు వైపు లోపలికి వంగుతుంది. గుంట అటే ఉంటే వంగినా అది గుంటే. తిరగేసి తవ్వితే అంచులు వెనక్కి విచ్చుకుంటాయి, పలుచగా ఉండే ముక్కు దగ్గర మొదటి పగులు వస్తుంది. పెట్టెలోని ధ్రువకి సరిగ్గా అక్కడే వెంట్రుకవాసి పగులు ఉంది. దాన్ని మైనంతో పూడ్చి రంగు పూశారు.

ఆ రంగూ మెరుగూ వేరే సమస్య. ఆజ్యం తీసే ముందు స్రుక్‌సమ్మార్జనం ఉంటుంది. పాత్రల్ని నిప్పుమీద కాచి, దర్భలతో లోపలా బయటా తుడిచి, మళ్లీ కాచాలి. ఇవి వేడి తగలడానికే చేసిన పాత్రలు. ఫ్రెంచ్ పాలిష్ పూసిన స్రుక్కుని నిప్పుమీద పడితే పూత బొబ్బలెక్కుతుంది, వేడి నెయ్యి పోస్తే జిగురై నెయ్యిలో కలుస్తుంది. కొనేసినవాళ్లు గరుకు కాగితంతో పూత పూర్తిగా తీసేసి, రెండు మూడు రోజులు వరసగా గోరువెచ్చని నెయ్యి పట్టించి, గుడ్డతో తుడిచి వాడాలి. నువ్వులనూనె అయినా ఫర్వాలేదు. వార్నిష్ మాత్రం ఉండకూడదు.

అరణి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఈ పెట్టె కొనేది దానికోసమే. కరపత్రంలో "రెండు నిమిషాల్లో అగ్ని" అన్నారు. ఈ అరణితో పొగ కూడా రాదు. శాస్త్రం చెప్పినది జమ్మిలో పుట్టిన రావి, శమీగర్భ అశ్వత్థం. అది దొరకకపోతే మామూలు రావి. జమ్మి తెలంగాణ రాష్ట్ర వృక్షం, పల్లెల్లో ఇంకా ఉంది. కానీ దాని తొర్రలో రావి మొలిచి చేవ పట్టినవి అరుదు. కోసిన చెక్క చూసి అది జమ్మిమీద పెరిగిందో గోడమీద పెరిగిందో ఎవరూ చెప్పలేరు. "శమీగర్భం" అని అదనపు రేటు అడిగితే నిలబడి ఉన్న చెట్టు ఫొటో అడగండి, లేదంటే మామూలు రావి రేటే ఇవ్వండి. సర్కారు తుమ్మని జమ్మి అని అమ్మేవాళ్లూ ఉన్నారు, జాగ్రత్త.

ప్రయోగ గ్రంథాల్లో అరణి కొలత పొడవు 24 బొటనవేలి వెడల్పులు, అడ్డం 6, మందం 4. ఉత్తరారణి (పై అరణి) నుంచి కోసిన మొన, ప్రమంథ, 8 అంగుళాలు. దాన్ని బిగించే కదురు, చాత్ర, 12. పైనుంచి అదిమే ఓవిలి 12. చాత్ర, ఓవిలి చేవ ఉన్న గట్టి చెక్కవై ఉండాలి. అరణి, ప్రమంథ మెతకవి. మెతక మీద మెతక రాసుకున్నప్పుడే పొడి రాలి, ఆ పొడి వేడెక్కి నిప్పవుతుంది. పెట్టెలో ఇచ్చిన అరణి 20 సెంటీమీటర్ల టేకు ముక్క, మెరుగు పెట్టింది. ప్రమంథ కూడా టేకే, అదీ చాత్రతో కలిపి ఒకే కర్రగా చిత్రికపట్టి ఇచ్చారు. మొన అరిగితే మార్చుకునే దారి లేదు. అసలు ఉత్తరారణి అంత పొడవు ఉండేదే మొన అరిగినప్పుడల్లా కొత్తది కోసుకోవడానికి.

మంచి రావి అరణి కొన్నా నిప్పు రాకపోవడానికి కారణాలు సాధారణంగా ఇవే. మొదటిది తడి. పచ్చి రావిలో నీరు ఎక్కువ, పైకి ఎండినట్టున్నా లోపల ఉంటుంది. నీడలో నెలల తరబడి ఆరాలి. వానాకాలంలో ఆరింది కూడా గాలిలో తేమని మళ్లీ పీల్చుకుంటుంది. వాడే ముందు కొన్ని రోజులు పొయ్యి దగ్గర వెచ్చగా ఉంచాలి. రెండోది గుంట పక్కన గాడి లేకపోవడం. రాలిన పొడి ఒకచోట కుప్పపడితేనే నిప్పు కణిక పుడుతుంది. గాడి లేకపోతే పొడి గుంట చుట్టూ చెదిరి చల్లారిపోతుంది. మూడోది ఒత్తిడి. పైన అదిమేవాళ్లు తేలిగ్గా పట్టి, తాడు లాగేవాళ్లు వేగంగా లాగితే గుంట అడుగు నున్నబడి గాజులా మెరుస్తుంది, ఇక ఎంత లాగినా కీచుమనడమే. అప్పుడు మొననీ గుంటనీ గీరి, చిటికెడు సన్న ఇసుక వేసి మళ్లీ మొదలెట్టాలి. పొడి రంగు చూసి సంగతి తెలుసుకోవచ్చు. లేత గోధుమరంగైతే వేడి చాలలేదు, పీచుపీచుగా ముతకగా వస్తే అతిగా అదుముతున్నారు, నల్లగా మెత్తగా వస్తే దారిలో ఉన్నట్టు. పొడి కుప్పలోంచి, లాగడం ఆపిన తరవాత కూడా, పొగ వస్తూ ఉంటే కణిక పుట్టింది. తొందరపడి ఊదకుండా కొబ్బరిపీచులోకో పిడక పొడిలోకో జారవిడిచి అప్పుడు ఊదాలి.

తాడు విషయం కూడా చూసుకోవాలి. గ్రంథాల్లో నేత్రం ఆవుతోక వెంట్రుకలూ జనపనారా కలిపి మూడు పేటలుగా పేనిన తాడు, రెండు చేతులు చాచినంత పొడవు. పెట్టెలో నైలాను తాడు పెట్టారు. అది చాత్ర మీద జారుతుంది, పట్టు దొరికేసరికి వేడికి కరుగుతుంది. నూలు తాడో జనప తాడో వాడండి. ఓవిలి కింద, చాత్ర పై కొన దగ్గర కాస్త నెయ్యి రాయండి, లేకపోతే వేడి పైనా పుడుతుంది, శ్రమ సగం అక్కడే పోతుంది. కింది గుంటలోకి ఒక్క చుక్క జారినా ఆ గుంట ఆ రోజుకి పనికిరాదు.

రాగి గుండం తలకిందుల పిరమిడ్ ఆకారంలో ఉంది. ఇది ఆధునిక కాలపు హోమాల ప్రచారంతో వచ్చిన వస్తువు. శ్రౌతాగ్నులు (వేదోక్త యజ్ఞాల మూడు అగ్నులు) నేలమీద, మట్టితో కట్టిన ఆయతనాల్లో (అగ్నిస్థానాల్లో) ఉండేవి. గార్హపత్యం గుండ్రం, ఆహవనీయం చతురస్రం, దక్షిణాగ్ని అర్ధచంద్రం. మూడింటి వైశాల్యం ఒక్కటే ఉండాలి. చతురస్రాన్ని వృత్తంగా మార్చడానికి శుల్బసూత్రకారుడు బౌధాయనుడు చెప్పిన పద్ధతి: అర్ధకర్ణం (మూల నుంచి మూలకి గీసిన గీతలో సగం) అర్ధభుజం (భుజంలో సగం) కంటే ఎంత ఎక్కువో దానిలో మూడో వంతు అర్ధభుజానికి కలిపితే వ్యాసార్ధం. భుజం 24 అంగుళాలైతే వ్యాసార్ధం సుమారు 13.66 వస్తుంది. చతురస్రం 576, వృత్తం 586, తేడా రెండు శాతం లోపే. మట్టిపనికి అంతకంటే కచ్చితం అక్కర్లేదు. కరపత్రంలో వేసిన పటంలో మాత్రం ఆహవనీయం పెద్దగా, దక్షిణాగ్ని చంటిగిన్నెలా ఉన్నాయి. గృహ్యకర్మలకైతే (ఇంట్లో చేసే హోమాలకైతే) అదీ అక్కర్లేదు. ఇటుకలు పేర్చి ఇసుక పరిచి గీతలు గీసిన స్థండిలం చాలు. మన పురోహితులు ఇంట్లో చేసేది అదే, పెట్టెలో గుండం కంటే వేదానికి దగ్గరా అదే.

అయినా రాగిదే కావాలనుకుంటే అడుగు అతుకు చూడండి. ఈ గుండానికి సీసం తగరం టంకం పెట్టారు. అలాంటి టంకం 183 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. కణకణలాడే బొగ్గుల కింద అడుగు ఊడి నేలమీద పడుతుంది. రేకు మడిచి రివెట్లు కొట్టినవి తీసుకోండి. ఏ గుండమైనా సరే కింద ఇటుకల వరస, దానిమీద రెండు అంగుళాల (ఇవి ఇంచీలే) ఇసుక లేకుండా గ్రానైటు మీదో టైల్సు మీదో పెట్టకండి, పగులుతాయి.

మిగతా ప్యాకెట్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. నెయ్యి డబ్బా మీద చిన్న అక్షరాల్లో "తినడానికి కాదు" అని ఉంది. మనం తినకూడనిది దేవతలకి ఎలా పెడతాం? పరిమాణం కూడా చాలదు. కణుపంత గుంటలో దాదాపు 3 మిల్లీలీటర్లు పడుతుంది, 108 ఆహుతులకి 300 మిల్లీలీటర్ల పైన కావాలి, ఇచ్చింది 200. సమిధలు ప్రాదేశమంత పొడవు, బొటనవేలికి మించని లావు, బెరడుతో, చీల్చకుండా ఉండాలి. ఇక్కడున్నవి చీల్చిన మామిడి పుల్లలు, నాలుగు ఇంచీలు. ఇష్టికి ఇధ్మంలో (సమిధల కట్టలో) 21 కావాలి. కట్టలో లెక్కే లేదు. దర్భలు బాగున్నాయి, మొనలు విరగలేదు. కర్పూరం, నవధాన్యాలు, ఎండుకొబ్బరి తరవాతి కాలపు పూజావిధానానివి. వాటిని వాడడంలో తప్పు లేదు, వాటికి "వేదకాలపు" చీటీ అంటించడంలోనే ఉంది.

కరపత్రం చదివితే నవ్వాలో ఏడవాలో తెలియదు. "తవ్వకాల్లో దొరికిన నమూనాల ప్రకారం" అని మొదలుపెట్టారు. వేదకాలపు చెక్క స్రుక్కు ఏ తవ్వకంలోనూ దొరకలేదు. చెక్క అన్నేళ్లు మట్టిలో నిలవదు. నిలిచే అవకాశం ఉన్నా దొరికేది కాదు, ఎందుకంటే ఆహితాగ్ని (శ్రౌతాగ్నులు నిలుపుకున్న గృహస్థు) పోతే పాత్రలు ఆయనతో పాటే చితిమీదకి వెళ్తాయి. ఆశ్వలాయన గృహ్యసూత్రం ఏది ఎక్కడ పెట్టాలో చెప్తుంది: కుడిచేతిలో జుహువు, ఎడమచేతిలో ఉపభృత్తు, కుడిపక్కన స్ఫ్యం, ఎడమపక్కన అగ్నిహోత్రహవణి, రొమ్ముమీద ధ్రువ, ముక్కు దగ్గర స్రువాలు, తొడలమీద అరణులు. కొడుక్కి మిగిలేవి సన్నెకల్లూ పొత్రం, లోహపువీ మట్టివీ. కాబట్టి "రెండు వందల ఏళ్ల నాటి అగ్నిహోత్రి గారి అసలు జుహువు" అని ఎవరైనా పురావస్తువుగా అమ్మజూపితే నమ్మకండి. మనకి ఈ పాత్రల రూపం తెలిసింది సూత్రగ్రంథాల వల్ల, కోనసీమ లాంటి చోట్ల ఇటీవలి కాలం దాకా అగ్నులు నిలుపుకున్న కుటుంబాల వల్ల. తవ్వకాలూ శాసనాలూ చెప్పేది వేరే సంగతి. నాగార్జునకొండ శాసనాల్లో ఇక్ష్వాకు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అగ్నిహోత్రం, అగ్నిష్టోమం, వాజపేయం, అశ్వమేధం చేశాడని ఉంది. నానేఘాట్ శాసనం శాతవాహన రాణి నాగనిక కాలపు యజ్ఞాలనీ దక్షిణలనీ ఏకరువు పెడుతుంది. యజ్ఞాలు జరిగాయని వాటివల్ల తెలుస్తుంది, గరిటె ఎంత పొడవో తెలియదు.

అగ్నిహోత్రం పేజీలో తప్పులు ఇంకా ఇబ్బంది పెట్టేవి. "ఎవరైనా రేపటినుంచే మొదలెట్టవచ్చు" అన్నారు. శ్రౌతాగ్నిహోత్రానికి ముందు అగ్న్యాధానం (అగ్నుల్ని విధిగా స్థాపించడం) జరగాలి, భార్య ఉండాలి, మొదలుపెడితే బతికున్నంతకాలం పొద్దునా సాయంత్రం చేయాలి. ప్రధానద్రవ్యం పాలు. సాయంత్రం ఆహుతి అగ్నికి, ఉదయం సూర్యుడికి, రెండో ఆహుతి ప్రజాపతికి మౌనంగా, మనసులోనే. కరపత్రం ప్రజాపతి ఆహుతిని గట్టిగా చెప్పి వేయమంటోంది. ఇష్టమైతే ఇంట్లో చేసుకునే చిన్న హోమంగా అది చేసుకోవచ్చు, పేరు మాత్రం వేరే పెట్టుకోవాలి. మంత్రాలకి స్వరాలు లేవు. అనుదాత్తానికి కింద గీత, స్వరితానికి పైన నిలువు గీత లేకుండా అచ్చువేసిన వేదమంత్రం నేర్చుకోవడానికి పనికిరాదు, గురువు దగ్గర నేర్చుకున్నవాళ్లకి గుర్తుచేసుకోవడానికి మాత్రం పనికొస్తుంది. పైగా మంత్రపాఠం కొంత శుక్లయజుర్వేదానిది, కొంత తైత్తిరీయానిది. తెలుగునాట ఎక్కువమంది ఆపస్తంబ సూత్రం, తైత్తిరీయ శాఖ. "గ్ం" ఉండాల్సిన చోట ఉత్తరాది పద్ధతిలో సున్న ఉంటే ఆ పేజీ వేరే శాఖ పుస్తకం నుంచి తెచ్చిందని తెలిసిపోతుంది.

వేదపాఠశాలలో పిల్లలకి పాత్రల పేర్లు చూపించడానికి, బడిలో చరిత్ర పాఠానికి, ప్రదర్శనకి ఈ పెట్టె చాలు. అట్ట మీది రాతలు మాత్రం చూపించకండి. నిజంగా యజ్ఞం చేయడానికైతే పాత్రలు చేయించుకోవడమే దారి. మోదుగ కొమ్మ పచ్చిగా ఉన్నప్పుడే గుంటని ముతకగా తవ్వించి, అంచు అర ఇంచీ మందం ఉంచి, గోనెసంచిలో రంపపుపొట్టు మధ్య పెట్టి రెండు మూడు నెలలు నీడలో నెమ్మదిగా ఆరనివ్వాలి. కాడ రెండు కొసలకీ మైనం పూయాలి, లేకపోతే కొసలు ముందు ఆరి చీలతాయి. పగుళ్లు రాకుండా నిలిచినదాన్నే చివరి కొలతకి చెక్కించాలి. స్రువం ముందు చేయించి, దానితో నాలుగు సార్లు నీళ్లు పోసి చూస్తూ జుహువు గుంట లోతు తేల్చుకుంటే కొలత తప్పదు.

విదేశాల్లో ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. బెరడున్న సమిధలు, దర్భలు, నవధాన్యాలు, నెయ్యి చాలా దేశాల సరిహద్దు తనిఖీలో ఆగిపోతాయి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఈ విషయంలో మరీ కఠినం. చెక్కపాత్రలు కూడా చెప్పకుండా తీసుకెళ్లకండి. పురుగు రంధ్రం ఒక్కటి కనిపించినా వెనక్కి రావు.

ఇంకా కొనాలనే ఉంటే రిటర్న్ గడువు ముందు చదవండి. పూజాసామగ్రి వెనక్కి తీసుకోం అనే షరతు చాలాచోట్ల అడుగున ఉంటుంది. పెట్టె వచ్చిన రోజే నీళ్ల తొట్టి పరీక్ష, నాలుగు స్రువాల పరీక్ష, గుండం అడుగు అతుకు, స్రుక్కుల ముక్కుల దగ్గర పగుళ్లు చూసేయండి. అన్నీ కలిపి అరగంట పని. అరణికి మాత్రం ఏ గడువూ చాలదు, అది ఆరి పొడి రాల్చేదాకా మంచిదో కాదో తేలదు. దాన్ని విడిగా, ఎప్పుడైనా మంథనం (నిప్పు చిలకడం) చేసి చూపించగలిగిన మనిషి దగ్గర, వేసవిలో కొనండి.